గోదావరి గట్టున ఉన్న దామెర్ల చిత్రశాలకు దారి చూపండి

సంపాదకులకు నమస్కారం.

గత నెలలో బంధువుల ఇంట పెళ్లికి రాజమహేంద్రవరం వెళ్లినప్పుడు, మధ్యాహ్నం దొరికిన రెండు గంటల తీరికలో గోదావరి గట్టున ఉన్న దామెర్ల రామారావు చిత్రశాలను చూసి వచ్చాను. స్టేషను దగ్గర ఎక్కిన ఆటో అబ్బాయికి ఆ పేరు తెలియక, ‘పుష్కర ఘాట్‌కేనా సార్?’ అని రెండుసార్లు అడిగాడు. అతణ్ని తప్పు పట్టలేను. పక్క జిల్లాలో ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పిన నేనే ఉద్యోగ విరమణ తరువాత గానీ ఆ గుమ్మం తొక్కలేదు.

1897లో పుట్టిన రామారావు, స్థానిక ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకొని, సొంత ఊళ్లో చిత్రకళాశాల నెలకొల్పి, 1925లో మశూచి సోకి 28 ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు. ఆంధ్రలో ఆధునిక చిత్రకళకు బాట వేసింది ఆ కొద్ది సంవత్సరాల పనే. ఆయన వేసిన ‘సిద్ధార్థ రాగోదయం’ చిత్రం పేరు చిత్రకళాభిమానుల్లో విననివారుండరు గానీ, నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి నీటిరంగుల చిత్రాలు. ఒకదాని మీదికి వంగి చూస్తే, చీర కుచ్చెళ్లకు వాడిన రంగు కడిగేసినంత పలుచగా ఉంది. మడతను నిలబెట్టినదల్లా సన్నని గీత ఒక్కటే. పుస్తకాల అచ్చులో ఆ గీత ఇంకిపోతుంది, అసలు చిత్రం ఎదుటనే తెలుస్తుంది. రామారావు మిత్రుడు వరదా వెంకటరత్నం, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారులేనన్న సంగతి మా తరం పాఠ్యపుస్తకాల్లో చదివిన గుర్తు లేదు.

నేనున్నంతసేపూ మరొకరు రాలేదు. బయట గట్టు మీద మాత్రం విహారయాత్రకు వచ్చిన బడి పిల్లల బస్సు ఒకటి ఆగి, ఫొటోలు తీసుకొని వెళ్లిపోయింది.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. స్నానానికి వచ్చే లక్షల మందిలో నూటికొక్కరు ఈ చిత్రశాల మెట్లెక్కినా ఆ గదులు పట్టవు. అందుకే అధికారులు ఇప్పటినుంచే ఘాట్ల వద్ద, రైల్వే, బస్సు స్టేషన్ల బయట దారి చూపే బోర్డులు పెట్టించి, యాత్రికులకిచ్చే పటంలో చిత్రశాలను గుర్తించాలని, పాఠశాలల విహారయాత్రలో దీనికి ఒక గంట కేటాయించేలా చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పుష్కరాల ఖర్చులో ఇది లెక్కలోకి వచ్చేది కాదు.

– ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, ఏలూరు