నెట్ వైరుకూ కరెంటు వైరుకూ వేరే దారి కావాలి

సంపాదకుడు గారికి, నమస్కారం.

మాది ఉప్పల్ దగ్గర ముప్పై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. పోయిన వానాకాలం మా రెండో అంతస్తులో ఒకావిడ టీవీ వెనకాల దుమ్ము దులుపుతుంటే డిష్ వైరు కొనకి చెయ్యి తగిలి షాక్ కొట్టింది. చెయ్యి వెనక్కి లాక్కోగలిగారు కాబట్టి సరిపోయింది. ఆ సమయానికి టీవీ ఆపేసి ఉంది, ప్లగ్గు కూడా పీకేసి ఉంది. డిష్ వైరులో మనిషికి తగిలేంత కరెంటు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ అర్థం కాలేదు. సంఘం కార్యదర్శిగా నేనే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను.

అతను ముందు మెయిన్ కట్టేసి తలుపు పైన ఉన్న జంక్షన్ బాక్సు మూత విప్పాడు. అంగుళం పైపు ఒకటే. అందులోనే ఏసీకి వెళ్లే ఫేజు, న్యూట్రల్, ఎర్తు తీగలు, వాటితో పాటే డిష్ వైరు, ఆ తర్వాత ఎప్పుడో నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు దూర్చిన లాన్ వైరు. పైపు వంపు తిరిగే చోట ఎర్ర తీగ మీద ప్లాస్టిక్ పెన్సిలు చెక్కినట్టు లేచిపోయి లోపల రాగి కనిపిస్తోంది. నిండిపోయిన పైపులో లాన్ వైరు లాగడానికి స్ప్రింగు బలవంతంగా తోశారట, అది గీరుకుపోయి అలా అయిందని అతను చెప్పాడు. అక్కడే డిష్ వైరు తొడుగు కూడా చీలి ఉంది. పైన స్లాబు నుంచి తేమ దిగుతోంది. బాక్సులో మేం ఎవరం చెయ్యి పెట్టకుండా దూరంగా నిలబడ్డాక మెయిన్ మళ్లీ వేసి, డిష్ వైరు చుట్టూ ఉండే జాలీ తీగకి టెస్టర్ ఆనిస్తే లైటు వెలిగింది. ఆ ఫ్లాటులో ఆర్‌సీసీబీ లేదు. ఉంటే కరెంటు అలా దారి తప్పగానే లైన్ దానంతట అదే ట్రిప్ అయ్యేది.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. నెట్ వైరు, డిష్ వైరు, సీసీ కెమెరా వైరు అంటే చిన్న కరెంటు, దాంతో ఏమీ కాదు అనుకుంటాం. వాటంతట అవి ఉన్నంతసేపు అది నిజమే. కానీ ఇళ్లలో వాడే కరెంటు వైరు మీద 1100 వోల్టులు తట్టుకుంటుందని ముద్ర వేసి ఉంటుంది, లాన్ వైరు లోపలి సన్నటి తీగల మీద ఉండే పల్చటి పొర 230 వోల్టుల పక్కన ఏళ్ల తరబడి రాసుకుంటూ పడి ఉండడానికి తయారు చేసింది కాదు. ఒకసారి ఫేజు దానికి తగిలిందంటే రూటరు, టీవీ, పిల్లవాడి కంప్యూటరు, ఆ వైరు వెళ్లిన ప్రతి చోటికీ కరెంటు వెళుతుంది. ఎవరూ జాగ్రత్తగా ముట్టుకోని వస్తువులు అవి.

షాక్ సంగతి అలా ఉంచితే, రోజూ పడే ఇబ్బంది ఇంకోటి. మా గేటు దగ్గర కెమెరాలో బొమ్మ మీద అడ్డగీతలు నెమ్మదిగా పైకి పాకుతూ ఉండేవి, లిఫ్టు కదిలితే బొమ్మ మొత్తం వణికేది. కెమెరా రెండుసార్లు మార్చాం, డబ్బు దండగైంది. తీరా చూస్తే ఆ వైరు లిఫ్టు మోటారుకి వెళ్లే కేబుల్‌తో కలిపి షాఫ్టులో కిందిదాకా కట్టేసి ఉంది. కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంటే పక్కనే సమాంతరంగా నడిచే సన్న వైరులోకి ఆ గోల ఎక్కుతుంది. లాన్ వైరులో తీగల్ని జంటలుగా మెలిపెట్టేది ఆ గోల తగ్గించడానికే, అయినా దానికీ ఒక హద్దు ఉంటుంది. మేం కెమెరా వైరు షాఫ్టు అవతలి గోడకి మార్చి, అడుగు పైనే ఎడం ఉంచి, దాటక తప్పని ఒక్క చోట అడ్డంగా దాటించాం. అదే కెమెరా, బొమ్మ శుభ్రంగా వస్తోంది.

వీధిలోకి వస్తే ఇదే తప్పు ప్రాణాలు తీస్తోంది. 2025 ఆగస్టులో మాకు దగ్గర్లోనే రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి వేలాడే కేబుల్ వైరు గుండా కరెంటు వచ్చి ఐదుగురు చనిపోయారు. ఆ రాత్రి తర్వాత కొన్ని రోజులు మా ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు. స్తంభాల మీద కేబుళ్లు తీసేయాలని ప్రభుత్వం ఆదేశించింది, విద్యుత్ సిబ్బంది కత్తిరించారు, నెట్ ఆగిపోయింది, ఇంటి నుంచి పని చేసేవాళ్లు గగ్గోలు పెట్టారు, ఆపరేటర్లు హైకోర్టుకి వెళ్లారు. నెట్ కావాలన్న వాళ్లది తప్పని నేను అనను, మా అబ్బాయి ఉద్యోగం కూడా దాని మీదే నడుస్తోంది. కానీ కత్తిరించిన చోటే మళ్లీ అదే స్తంభానికి, ఇళ్లకి కరెంటు ఇచ్చే ఎల్‌టీ తీగలకి చేతికందే దూరంలో, కొత్త చుట్టలు వేలాడదీస్తే ఏం మారినట్టు? మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె పక్కన తెగిన వైరు ఒకటి మనిషి భుజం ఎత్తులో వేలాడుతోంది. పైన 11 కేవీ లైన్ ఉంది.

ఫైబరులో కరెంటు పారదు కదా అంటారు. గాజు పోగులో పారదు, నిజమే. కానీ ఇళ్లకి లాగే చాలా ఫైబరు వైర్లలో బరువు ఆపడానికి పక్కనే ఉక్కు తీగ ఉంటుంది. కరెంటు దాని గుండా దిగుతుంది. లోహమే లేని ఫైబరు కేబుళ్లు కూడా దొరుకుతాయి. కరెంటు స్తంభాల మీద తప్పనిసరైతే అవే వాడాలని, వాటిని విద్యుత్ తీగలకి కిందుగా ఇంత దూరంలో, నేల నుంచి ఇంత ఎత్తులో కట్టాలని, ప్రతి కేబుల్‌కీ ఎవరిదో తెలిసేలా ట్యాగ్ ఉండాలని షరతు పెట్టి, పాటించని వాటిని మాత్రమే తీసేస్తే జనానికీ ఇబ్బంది ఉండదు.

ఇళ్ల విషయంలో నేను అడిగేది ఇంకా చిన్నది. వైరింగుకి సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 732, నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 రెండూ కరెంటు వైరింగునీ కమ్యూనికేషన్ వైర్లనీ విడిగా నడపాలనే చెబుతాయి. స్లాబు పోయకముందు వేరే పైపు, వేరే బాక్సు వేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు, కట్టేశాక అయితే గోడ పగలగొట్టాలి. కాబట్టి కొత్త మీటరు కోసం లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ఇచ్చే టెస్ట్ రిపోర్టులో "సిగ్నల్ వైర్లకి వేరే పైపు ఉందా" అన్న ఒక్క ప్రశ్న చేర్చండి, కట్టిన ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు అధికారులు రెండు ఫ్లాట్లలోనైనా జంక్షన్ బాక్సు విప్పి చూడండి. ఇల్లు కొనేవాళ్లు కూడా టైల్సు, కిచెన్ చూసుకున్నట్టే ఈ సంగతి బిల్డర్‌ని అడగాలి.

వినాయక చవితి దగ్గర పడుతోంది, మా వీధి నుంచే ఎత్తైన విగ్రహాలు వెళతాయి. వేలాడే వైరు కనిపిస్తే కర్రతో పైకెత్తకుండా, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకుండా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయమని మీ పత్రికలో రోజూ ఒక చిన్న పెట్టెలో వేయగలరా? ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వైరు గురించి నేను రెండుసార్లు చేశాను. ఈ ఉదయం చూశాను, ఇంకా అక్కడే ఉంది.

ఇట్లు,
ఒక అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి,
ఉప్పల్, హైదరాబాద్