పోఖ్రాన్ రహస్యాన్ని కాపాడిన వారెవరు?

సంపాదకులకు నమస్కారం.

1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో జరిగిన అణుపరీక్షల గురించి రాసేటప్పుడు మన పత్రికలు శాస్త్రవేత్తల కృషిని, ప్రధాని వాజపేయి నిర్ణయాన్ని విపులంగా ప్రస్తావిస్తాయి గానీ, ఆ రహస్యాన్ని కాపాడిన ఏర్పాట్లను ఒకటి రెండు వాక్యాలతో సరిపెడతాయి.

1995లో పి.వి. నరసింహారావు ప్రభుత్వ హయాంలో సాగిన సన్నాహాలను అమెరికా ఉపగ్రహాలు పసిగట్టడం, ఆ దేశం ఒత్తిడి తేవడం, పరీక్షలు ఆగిపోవడం తెలిసినదే. ఆ అనుభవంతో రెండోసారి సైన్యానికి చెందిన 58వ ఇంజినీర్ రెజిమెంట్ పనిని ఎక్కువగా రాత్రివేళల్లో చేసి, తెల్లవారేసరికి యంత్రాలను మళ్లీ పాత చోటికే చేర్చి, పైనుంచి చూసే కంటికి అక్కడ ఏదీ కదలనట్టే కనిపించేలా జాగ్రత్తపడింది. శాస్త్రవేత్తలు సైనిక దుస్తుల్లో, మారుపేర్లతో వచ్చి వెళ్లేవారు; అబ్దుల్ కలాం గారు అక్కడ మేజర్ జనరల్ పృథ్వీరాజ్. విషయం పూర్తిగా తెలిసినవారు ఢిల్లీలో సైతం అతి కొద్దిమందే. నా దృష్టిలో మారువేషాలకన్నా ఈ పరిమితే అసలు రక్షణ, కాకపోతే కథగా చెప్పుకోవడానికి వేషాలే బాగుంటాయి.

పరీక్షలను ముందుగా ఎందుకు కనిపెట్టలేకపోయామో తేల్చడానికి అమెరికా అడ్మిరల్ డేవిడ్ జెరెమయాతో సమీక్ష జరిపించి, ముఖ్యాంశాలను కొద్ది వారాల్లోనే బయటపెట్టింది. ఓడినవారి లెక్క అలా అందుబాటులో ఉండగా, నెగ్గినవారి లెక్క మనకు జ్ఞాపకాల రూపంలోనే దొరుకుతోంది. సున్నితమైన సాంకేతిక వివరాలను మినహాయించి, భద్రతా ఏర్పాట్లకు సంబంధించిన దస్త్రాలనైనా రక్షణ శాఖ పరిశోధకులకు అందుబాటులోకి తేవాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, వరంగల్