నొప్పి మందు రాసేముందు కల్లు సంగతి అడగాలి

సంపాదకులకు,

దీర్ఘకాలిక నొప్పి చికిత్స మీద డాక్టర్లకు శిక్షణ అంటే సగం పూట ఉపన్యాసం, ఒక సర్టిఫికెట్ అన్నట్టు కాకూడదు. నల్లగొండ, పాలమూరు వైపు నొప్పికి రెండు చిక్కులున్నాయి. ఒకటి ఫ్లోరైడ్, రెండోది మత్తు మందు కలిపిన కల్లు. ఈ రెండూ లేని పాఠం ఇక్కడ అక్కరకు రాదు.

మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగినవాళ్ల ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ భగీరథ నీళ్లు రాగానే దిగిపోదు. మెడ తిరగదు, నడుం వంగదు. వెన్నుపాము నలిగితే కాళ్లలో మంటలు, తిమ్మిర్లు. వీళ్లు డైక్లోఫినాక్ గోలీలు, సూదుల మీదే బండి లాగుతుంటారు. ఒంట్లోని ఫ్లోరైడ్ బయటికి పోయే ముఖ్యమైన దారి కిడ్నీలు, ఆ గోలీలు దెబ్బతీసేదీ కిడ్నీలనే. కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష లేకుండా నెలల తరబడి ఈ మందులు నడపకూడదు. కిడ్నీ చెడినవాళ్లలో మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందు అవశేషాలు పేరుకుని మగత కమ్ముతుంది. నరాల నొప్పికిచ్చే ప్రీగాబాలిన్ డోసు కూడా తగ్గించాల్సిందే. నరాల మంటకు రాత్రిపూట 10 మి.గ్రా. అమిట్రిప్టిలిన్‌తో మొదలుపెట్టవచ్చు, గుండె జబ్బు, మూత్రం ఆగే ఇబ్బంది లేవని చూసుకున్నాకే.

ఇక కల్లు. అందులో కలిపే అల్ప్రాజోలం, డైజీపామ్ అనే మత్తు మందులు ట్రమడాల్ అనే నొప్పి మందుతోనో మార్ఫిన్‌తోనో జతకలిస్తే ఊపిరి మందగిస్తుంది. పైగా అలాంటి కల్లు ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ రావచ్చు, ట్రమడాల్ సొంతంగానే ఫిట్స్ తెప్పించగలదు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఎంతమంది వచ్చారో గుర్తుండే ఉంటుంది. "మత్తు మందులు వాడతారా?" అంటే ఎవరైనా లేదనే చెప్తారు. అడగాల్సింది ఇట్లా: "రోజుకెన్ని సీసాలు తాగుతవు పెద్దాయనా? ఒక్కరోజు మానేస్తే చేతులు వణుకుతయా, నిద్ర పడతదా?" వణుకుతాయంటే ట్రమడాల్ చీటీ పక్కన పెట్టాలి. కల్లు వెంటనే మానేయమనీ చెప్పకూడదు, ముందు మానసిక వైద్యుడికి చూపించాలి.

2018లో ట్రమడాల్‌ను మత్తు మందులను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు. రోజుకు 400 మి.గ్రా. దాటకూడదు, ముసలివాళ్లకు ఇంకా తక్కువ. మోకాళ్ల అరుగుదలకు నెలల తరబడి రాసే మందు కాదది. పారాసిటమాల్ కలిసిన ట్రమడాల్ గోలీ ఒకటి, జ్వరానికని విడిగా పారాసిటమాల్ ఇంకొకటి ఒకే చీటీలో పడితే లివర్ సంగతేమిటి? నెలల పాటు వాడిన ట్రమడాల్‌ను ఒక్కరోజులో ఆపితే చెమటలు, విరేచనాలు, ఒళ్లంతా నొప్పులు. రోగి పాత నొప్పే తిరగబెట్టిందనుకుని మళ్లీ దుకాణానికే పోతాడు. మెల్లగా, వారాలు నెలల మీద దించడం ఎట్లాగో నేర్పాలి.

దీనికి తలకిందుల తప్పు క్యాన్సర్ వార్డులో జరుగుతుంది. అక్కడ అవసరమైన మార్ఫిన్ రాయడానికే భయం. నోటి మార్ఫిన్ మామూలుగా 5 లేదా 10 మి.గ్రా., నాలుగు గంటలకోసారి: పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10కి రెట్టింపు, నడిరాత్రి లేపే పని లేకుండా. నొప్పి వచ్చాక వేసుకోమంటే రోజంతా నొప్పి వెనక పరుగే. మొదటి చీటీలోనే విరేచనం సాఫీగా అయ్యే గోలీ కూడా ఉండాలి. వాంతులు, మగత కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి, మలబద్ధకం సర్దుకోదు. అది తట్టుకోలేకే చాలామంది మార్ఫిన్ మానేస్తారు, తప్పు మార్ఫిన్ మీదికి పోతుంది.

ఎన్‌డీపీఎస్ చట్టానికి 2014లో చేసిన సవరణతో మార్ఫిన్‌కు లైసెన్సుల చిక్కు తగ్గింది. అయితే గుర్తింపు పొందిన ఆసుపత్రిలో శిక్షణ పొందిన డాక్టరు ఉండాలి. ఆ ఒక్కరూ బదిలీ అయితే బీరువాకు తాళమే. అందుకే ఆసుపత్రికి కనీసం ఇద్దరికి, వాళ్లతోపాటు స్టాఫ్ నర్సుకూ ఫార్మసిస్టుకూ నేర్పాలి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ పని ఏళ్లుగా నడుస్తోంది, మనవాళ్లు అక్కడ వారం రోజులు వార్డులో నిలబడి చూస్తే చాలు, స్లైడ్లు అక్కర్లేదు. శిక్షణకు అడగడానికి బీబీనగర్ ఎయిమ్స్ కూడా దగ్గర్లోనే ఉంది. శిక్షణయ్యాక మూడు నెలలకు ఒక్కొక్కరు రాసిన 20 చీటీలు తీసి చూడాలి: క్రియాటినిన్ ఉందా, విరేచనం సాఫీగా అయ్యే గోలీ ఉందా, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు? ఓపీ చీటీ మీద "కల్లు: రోజుకు ___ సీసాలు" అని ఒక గీత అచ్చు వేయించడానికి కొత్త బడ్జెట్ కూడా అవసరం లేదు.

- ఒక పాఠకుడు, నల్లగొండ