మన టోకెన్లు, మన డబ్బు... మరి డొమైన్ ఎక్స్‌టెన్షన్ ఎవరి పేరు మీద?

ఎడిటర్ గారికి నమస్కారం,

క్రిప్టో కమ్యూనిటీలు సొంత డొమైన్ ఎక్స్‌టెన్షన్లు, అంటే సైట్ పేరు చివర డాట్ కామ్ లాంటి తోకలు, తెచ్చుకోబోతున్నాయని మీ టెక్నాలజీ పేజీలో రాశారు, చదివాను, ఇలాంటి విషయం తెలుగులో రావడమే సంతోషం. కానీ అందులో రెండు వేరే వేరే సంగతులు ఒకటే అన్నట్టు కలిసిపోయాయి, దానివల్ల దెబ్బ తినేది టోకెన్లు, అంటే కమ్యూనిటీ డిజిటల్ నాణేలు, పెట్టుకుని ఓటేసే మామూలు సభ్యులు, అందుకే ఈ ఉత్తరం. నేనూ అలాంటి ఒక కమ్యూనిటీలో ఉన్నాను, ట్రెజరీ డబ్బు, అంటే అందరి ఉమ్మడి ఖజానా, మీద ఏ ప్రపోజల్ వచ్చినా మొత్తం చదివే ఓటేస్తాను. మా దగ్గరా ఇది వచ్చింది. మన పేరుతో మన ఎక్స్‌టెన్షన్, ఖర్చు ట్రెజరీది, వచ్చాక అందరం ఓనర్లమే, అంతే, నాలుగు లైన్లు. ఎవరి పేరు మీద అప్లై చేస్తున్నారు అని కింద అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు, పైగా ఇంకొకాయన వచ్చి ముందు ఓటేయండి డీటెయిల్స్ తర్వాత చూద్దాం అన్నారు.

ముందు ఆ రెండు సంగతులు విడదీసి చెప్తాను. ఒకటి, బ్లాక్‌చెయిన్ మీద మాత్రమే ఉండే పేర్లు. 2011లో నేమ్‌కాయిన్ డాట్ బిట్‌తో మొదలైంది, 2017లో ఎథీరియం మీద డాట్ ఎథ్ వచ్చింది, తర్వాత అన్‌స్టాపబుల్ డొమైన్స్ వాళ్ల డాట్ క్రిప్టో, 2020లో హ్యాండ్‌షేక్. వీటికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, బ్లాక్‌చెయిన్ మీద కోడ్ రాసి పెట్టేస్తే చాలు. పొడవాటి క్రిప్టో వాలెట్ అడ్రస్ బదులు పేరు వాడుకోవడానికి చాలా బాగుంటాయి, నేనూ వాడతాను. రెండోది, ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థని చూసుకునే ఐకాన్ (ICANN) అనే సంస్థ నడిపే అసలు ఇంటర్నెట్ రూట్‌లోకి, అంటే ఎక్స్‌టెన్షన్ల అసలు జాబితాలోకి, వెళ్లే ఎక్స్‌టెన్షన్, అంటే డాట్ కామ్, డాట్ ఆర్గ్ లాగా ప్రపంచంలో ఏ ఫోన్‌లో ఏ బ్రౌజర్‌లో కొట్టినా తెరుచుకునేది. దీనికి అప్లికేషన్ ఉంటుంది, ఫీజు ఉంటుంది, పరీక్ష ఉంటుంది, చివర్లో కాంట్రాక్ట్ మీద సంతకం ఉంటుంది.

ఈ తేడా ఎవరైనా ఇప్పుడే చూసుకోవచ్చు. మామూలు బ్రౌజర్‌లో డాట్ ఎథ్ పేరు ఏదైనా టైప్ చేయండి, సైట్ రాదు, సెర్చ్ పేజీకి పోతుంది లేదా ఎర్రర్ వస్తుంది. బ్రేవ్ లాంటి బ్రౌజర్ అయితే తెరుస్తుంది, లేదంటే చివర్లో డాట్ లిమో అని ఇంకోటి తగిలించి గేట్‌వే అనే మధ్యవర్తి సైట్ ద్వారా వెళ్లాలి. ఆ పేరు మీద మామూలు ఈమెయిల్ పనిచేయదు, తాళం గుర్తు వచ్చే సర్టిఫికెట్ కూడా మామూలు సర్టిఫికెట్ కంపెనీలు ఇవ్వవు, ఎందుకంటే వాళ్ల రూల్స్ ప్రకారం రూట్‌లో లేని పేరుకి ఇవ్వకూడదు. ఇది తప్పేం కాదు, దాని తయారీయే అలాంటిది, కానీ డబ్బు తీసుకునేటప్పుడు ఈ మాట చెప్పాలి కదా.

ఇక నన్ను బాగా కంగారు పెట్టే విషయం. ఆల్రెడీ మన చెయిన్ మీద ఈ ఎక్స్‌టెన్షన్ నడుస్తోంది, లక్షల మంది వాడుతున్నారు, కాబట్టి ఐకాన్ మనకే ఇస్తుంది అని చాలామంది నమ్ముతున్నారు. అలా ఏం లేదండీ. ఇమేజ్ ఆన్‌లైన్ డిజైన్ అనే కంపెనీ 1996 నుంచి డాట్ వెబ్ పేర్లని ఐకాన్ రూట్ బయట నడిపింది, 2000లో ఐకాన్‌కి అప్లై చేసింది, రాలేదు, 2012లో కోర్టుకి వెళ్లింది, అక్కడా గెలవలేదు. చివరికి 2016లో అదే డాట్ వెబ్‌ని వేలం వేస్తే 13.5 కోట్ల డాలర్లు పలికింది, ముందు నుంచి నడిపినవాళ్లకి అందులో ఏ హక్కూ లేదు. డాట్ బిజ్ కథా అంతే, రూట్ బయట అప్పటికే ఒకరు నడుపుతున్నా 2001లో ఐకాన్ వేరేవాళ్లకి ఇచ్చింది. బ్లాక్‌చెయిన్ వాళ్లలో వాళ్లకే తగాదాలు ఉన్నాయి, అన్‌స్టాపబుల్ వాళ్లు డాట్ కాయిన్ అమ్మాక, ఎమర్‌కాయిన్ అనే ఇంకో చెయిన్ 2014 నుంచే అదే పేరు వాడుతోందని తెలిసి 2022లో ఆపేశారు. కొన్నవాళ్లకి స్టోర్ క్రెడిట్ ఇచ్చారు, అది మంచి పనే, కానీ ఆ పేరు మీద ప్రొఫైల్ కట్టుకున్నవాళ్ల సంగతేంటి?

ఇంకో చిన్న విషయం, దీన్ని ఎవరూ చెప్పడం లేదు. మూడు అక్షరాల పేరు పెట్టుకోవాలనుకునేవాళ్లు ముందు దేశాల కోడ్ల లిస్టు చూసుకోవాలి, అంతర్జాతీయంగా ప్రతి దేశానికీ ఒక మూడక్షరాల కోడ్ ఉంటుంది, ఆ కోడ్లని ఐకాన్ ఎవరికీ ఇవ్వదు. ఈ టి హెచ్ అంటే ఇథియోపియా కోడ్. టి ఓ ఎన్ అంటే టోంగా కోడ్. అంటే డాట్ ఎథ్ గానీ డాట్ టాన్ గానీ ఆ చెయిన్లు ఎంత పెద్దవైనా ఇప్పుడున్న రూల్స్‌లో రూట్‌లోకి రాలేవు. కాయిన్ టిక్కర్లు, అంటే కాయిన్ల పొట్టి పేర్లు, ఎక్కువగా మూడక్షరాలే ఉంటాయి కాబట్టి ఇది చూసుకోకుండా ట్రెజరీ నుంచి ఒక్క డాలర్ కూడా తీయకూడదు.

ఇప్పుడు అసలు అప్లికేషన్ సంగతి. 2012లో పోయినసారి విండో, అంటే అప్లికేషన్లు తీసుకునే గడువు, తెరిచినప్పుడు ఫీజు 1,85,000 డాలర్లు, అప్పుడు 1,930 అప్లికేషన్లు వచ్చాయి. ఈసారి విండో 2026 ఏప్రిల్ 30 నుంచి ఆగస్టు 12 వరకు, ఫీజు 2,27,000 డాలర్లు. అది పరిశీలన ఫీజు మాత్రమే. ఎక్స్‌టెన్షన్ వచ్చాక ఐకాన్‌కి ఏటా కట్టే ఫిక్స్‌డ్ ఫీజే 25 వేల డాలర్ల పైన ఉంటుంది, ఒక్క డొమైన్ అమ్ముడుపోకపోయినా కట్టాల్సిందే. సర్వర్లు నడిపే టెక్నికల్ కంపెనీకి వేరే, లాయర్లకి వేరే. ఒకే పేరుకి ఇద్దరు ముగ్గురు వస్తే ఐకాన్ వేలం పెడుతుంది, 2015లో డాట్ యాప్‌కి గూగుల్ 2.5 కోట్ల డాలర్లు పెట్టింది, అలాంటి చోట మామూలు కమ్యూనిటీ ట్రెజరీ ఎంతసేపు నిలబడుతుంది? పోయినసారి పోటీదారులు బయట ప్రైవేట్‌గా వేలం పెట్టుకుని ఓడినవాళ్లు డబ్బులు పంచుకున్నారు, ఈసారి అది పూర్తిగా నిషేధం. కాబట్టి పేరు రాకపోయినా లాభంతో బయటపడతాం అని ఎవరైనా చెప్తే అది పాత కథ.

కమ్యూనిటీ అప్లికేషన్ అని ఒక దారి ఉంది, నిజమైన కమ్యూనిటీ అని రుజువు చేసుకుంటే వేలం లేకుండా ముందు వరుసలో నిలబడొచ్చు. వినడానికి మన కోసమే పెట్టినట్టు ఉంటుంది కానీ చాలా కష్టం. 2012 రౌండ్‌లో 16 పాయింట్లకి 14 రావాలి. పర్యావరణం వాళ్ల డాట్ ఎకో పాసైంది, డాట్ రేడియో పాసైంది, డాట్ గే కోసం ఎన్నో సంఘాల మద్దతుతో వచ్చిన అప్లికేషన్ మాత్రం ఫెయిలై ఆ పేరు వేరే కంపెనీకి పోయింది. సభ్యులు ఎవరు, ఆ పేరుకీ సభ్యులకీ సంబంధం ఏంటి, డొమైన్ ఎవరికి ఇస్తారు ఎవరికి ఇవ్వరు, ఇవన్నీ అడిగారు. టోకెన్ ఎవరైనా పొద్దున కొని సాయంత్రం అమ్మేసే చోట సభ్యుడు అంటే ఎవరు అని మనలో మనమే ఎప్పుడూ తేల్చుకోలేదు.

అన్నిటికంటే ముఖ్యమైంది సంతకం. ఐకాన్‌కి వ్యక్తులు అప్లై చేయకూడదు, చట్టప్రకారం రిజిస్టర్ అయిన సంస్థ అయ్యుండాలి, డైరెక్టర్ల పేర్లు పెద్ద వాటాదారుల పేర్లు ఇవ్వాలి, వాళ్ల బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు. వాలెట్ అడ్రస్‌లతో నడిచే డావోకి, అంటే టోకెన్ ఓట్లతో నడిచే మనలాంటి కమ్యూనిటీకి, ఆ ఫారంలో నింపడానికి ఏమీ లేదు. అమెరికాలో వ్యోమింగ్ రాష్ట్రం 2021లో డావోలని కంపెనీలుగా రిజిస్టర్ చేసుకునే చట్టం తెచ్చింది, అలాంటి దారి పట్టొచ్చు, లేదా ఫౌండేషన్ పెట్టొచ్చు, లేదా బయటి కంపెనీతో కలిసి వెళ్లొచ్చు. 2023లో షిబా ఇను అనే క్రిప్టో కాయిన్ వాళ్లు డాట్ షిబ్ కోసం డీ3 అనే కంపెనీతో కలిసి వెళ్తున్నామని ప్రకటించారు, కనీసం ఎవరితో వెళ్తున్నారో బయటికి చెప్పారు. ఏ దారైనా సరే, కాంట్రాక్ట్ ఆ సంస్థకీ ఐకాన్‌కీ మధ్యే. టోకెన్ ఉన్నవాళ్ల పేరు అందులో ఎక్కడా ఉండదు. అందరం ఓనర్లమే అన్న మాట నిలబడాలంటే ఆ సంస్థ నియమావళిలో, డైరెక్టర్లు సభ్యుల ఓటుకి కట్టుబడాలి అని విడిగా రాసుకోవాలి, లేకపోతే మన డబ్బుతో వాళ్ల ఆస్తి తయారవుతుంది.

ఓటు వేసినా అన్నీ మన చేతిలో ఉండవు. 2019లో డాట్ ఆర్గ్ నడిపే సంస్థని ఒక ప్రైవేట్ కంపెనీకి 113.5 కోట్ల డాలర్లకి అమ్మబోయారు, 2020 ఏప్రిల్ 30న ఐకాన్ ఒప్పుకోలేదు, ఆగిపోయింది. నాకు ఆ నిర్ణయం సరైందే అనిపించింది, అయితే దాని అర్థం కంట్రోల్ చేతులు మారాలంటే ఐకాన్ సరే అనాలి. ట్రేడ్‌మార్క్ గొడవ వస్తే డొమైన్ తీసి వేరేవాళ్లకి ఇవ్వమని ఆర్డర్ రావచ్చు, రిజిస్ట్రీ, అంటే ఎక్స్‌టెన్షన్ నడిపే సంస్థ, పాటించాల్సిందే. ఎవరూ లాక్కోలేరు, ఒకసారి కొంటే జీవితాంతం మీదే అని ఎన్‌ఎఫ్‌టీ పేర్లు, అంటే బ్లాక్‌చెయిన్ మీద ఆస్తిలా కొనుక్కునే పేర్లు, అమ్మినవాళ్లు రేపు అదే పేరుని రూట్‌లోకి తెస్తే ఈ రెండు మాటలు ఎలా కలుస్తాయి? మామూలు డొమైన్ ఒకేసారి పదేళ్లకి మించి రిజిస్టర్ కాదు, రెన్యూ చేసుకుంటూ పోవాలి. అప్పుడు పాత కొనుగోలుదారుల రెన్యువల్ ఎవరు కడతారు, ఎన్‌ఎఫ్‌టీ వేరేవాళ్లకి అమ్మితే డొమైన్ కూడా దాంతో పోతుందా, వాలెట్ కీ పోతే ఏంటి, ఇవి అప్లికేషన్ ముందే రాసుకోవాల్సిన సంగతులు. నడపలేక మధ్యలో వదిలేసినవాళ్లూ ఉన్నారు, డాట్ వెడ్‌ని 2017లో ఎమర్జెన్సీగా వేరే సంస్థకి అప్పగించాల్సి వచ్చింది.

నేను ఎక్స్‌టెన్షన్ వద్దు అనడం లేదు. సొంత పేరు రూట్‌లో ఉంటే ఆ కమ్యూనిటీకి వచ్చే గౌరవం, ఫేక్ సైట్ల నుంచి దొరికే రక్షణ నాకు తెలుసు, వాలెట్లు ఖాళీ చేసే నకిలీ లింకులు ఎంతమందిని ముంచాయో చూస్తూనే ఉన్నాం. ఈసారి తెలుగు లిపిలో కూడా అప్లై చేసుకోవచ్చు, అది నాకు ఎంతో ఇష్టమైన విషయం. కానీ డబ్బు చాలని కమ్యూనిటీకి ఇంకో దారి ఉంది, ఒక మామూలు డొమైన్ కొనుక్కుని దాని కింద సభ్యులకి సబ్‌డొమైన్లు ఇవ్వడం. మామూలు డొమైన్లని ఈఎన్‌ఎస్‌లోకి, అంటే డాట్ ఎథ్ పేర్లు నడిపే వ్యవస్థలోకి, తెచ్చుకునే సదుపాయం 2021 నుంచే ఉంది. చెయిన్ మీద పేర్లలో కూడా ఇదే పద్ధతి ఉంది, బేస్ అనే చెయిన్ వాళ్లు 2024లో బేస్ డాట్ ఎథ్ కింద, యూనిస్వాప్ అనే టోకెన్ల మార్పిడి వేదిక వాళ్లు యూని డాట్ ఎథ్ కింద అలాగే పేర్లు ఇచ్చారు, ఎవరూ వాళ్లని చిన్నచూపు చూడలేదు.

ఎడిటర్ గారూ, మీరు ఇలాంటి వార్త మళ్లీ వేసినప్పుడు, ఫలానా కమ్యూనిటీకి సొంత ఎక్స్‌టెన్షన్ అని హెడ్డింగ్ పెట్టేముందు అది చెయిన్ మీదదా రూట్‌లోదా, అప్లై చేసే సంస్థ పేరేంటి, పేరు రాకపోతే ముందే వసూలు చేసిన డబ్బు వెనక్కి ఇస్తారా అని వాళ్లని అడిగి ఆ జవాబు కూడా వేయండి. మా కమ్యూనిటీలో నేను సవరణ పెట్టాను, సంస్థ పేరు, డైరెక్టర్లు, ఖర్చుకి పైపరిమితి, వేలం దాకా వెళ్తే ఎక్కడ ఆగాలి, ఇవి రాసిచ్చేదాకా ట్రెజరీ డబ్బు కదలకూడదని. ఓటింగ్ ఇంకా జరుగుతోంది. ఇదే పరిస్థితిలో ఉన్న మిగతా సభ్యులు కూడా వాళ్ల వాళ్ల చోట ఇదే అడగాలని, అందుకు ఈ ఉత్తరం అచ్చు వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు