కింది చలి

కొత్తవాడ, వరంగల్

బిడ్డా,

ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ కొండ ట్రెక్‌కు గాలి పరుపు కొంటానని నువ్వు పంపిన రెండింటి వివరాలూ నిన్న రాత్రి మగ్గం మీద నుంచి లేచాక కూర్చుని చదివాను. ఒకటి 380 గ్రాములు, ఇంకోటి 540. నీ మనసు తేలికదాని మీదే ఉందని తెలుస్తూనే ఉంది. నేను మాత్రం బరువుదే కొనమంటాను.

నాకు పదేళ్లప్పుడు మీ తాత ఎడ్లబండి కట్టి మమ్మల్ని మేడారం జాతరకు తీసుకుపోయాడు. మాఘమాసం చలి. జంపన్న వాగు ఒడ్డున షత్రంజి పరుచుకుని రెండు దుప్పట్లు కప్పుకున్నా వణుకు ఆగలేదు. అర్ధరాత్రి మీ తాత లేచి, ఎడ్లకు తెచ్చిన వరిగడ్డిలో సగం తీసి నా కింద పరిచాడు. పైన ఇంకో దుప్పటి కప్పలేదు. అయినా తెల్లారేదాకా నాకు మెలకువ రాలేదు. ఒంట్లో వేడిని నేల గుంజుకుంటుంది బిడ్డా. నీ స్లీపింగ్ బ్యాగ్ ఎంత మంచిదైనా, నీ బరువు కింద దాని దూది అణిగిపోతుంది. అణిగిన దూది చలిని ఆపదు.

గడ్డి చేసిన పని గాలిని కదలకుండా పట్టి ఉంచడమే. ఒట్టి గాలి నింపిన సంచిలో గాలి తిరుగుతూ, నీ వేడిని తీసుకుపోయి కింది మంచుకు ఇచ్చేస్తుంది. అందుకే మంచి పరుపుల లోపల మెరిసే పొరలు గానీ, దూదిలాంటి పీచు గానీ పెడతారు. పరుపు ఎంత చలిని ఆపుతుందో చెప్పే అంకే ఆర్ వాల్యూ. నువ్వు చూసిన తేలికదానికి అది 1.5, రెండోదానికి 4.2. ఎండాకాలం రాత్రికి మొదటిది సరిపోతుంది. డిసెంబరులో, 12,500 అడుగుల కొండ కింద మంచు మీద డేరా వేసుకునేవాళ్లకు నాలుగైనా ఉండాలి. ఒకప్పుడు ఈ అంకెను ఏ కంపెనీకి ఆ కంపెనీ తన పద్ధతిలో కొలిచేది. 2018లో ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ఒకే కొలత వచ్చింది. ఆ పేరు రాసి ఉందో లేదో చూసుకుని కొను.

నీ పాత ఫోమ్ మ్యాట్ పారెయ్యకు. గాలి పరుపు కింద వేస్తే రెండింటి ఆర్ వాల్యూలూ కలుస్తాయి. రాయీ ముల్లూ గుచ్చుకోకుండా కూడా కాపాడుతుంది.

గుడ్డ సంగతి నా పని కాబట్టి చెప్తున్నాను. మన నూలుకు నంబరు పెరిగితే పోగు సన్నం. వీళ్లు రాసే డెనియర్ దానికి తిరగబడి ఉంటుంది, అంకె పెరిగితే పోగు లావు. తేలికది 15 డెనియర్, రెండోది 30. రాళ్ల నేలకు 30 నయం.

చిన్నప్పటి నుంచి నువ్వు పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకుంటావు. పరుపు పలుచనైతే తుంటి నేలకు ఆనుతుంది. రెండోది మూడు అంగుళాల మందం ఉంది, అది నాకు నచ్చింది.

నోటితో ఊదకు. ఊపిరిలోని తడి లోపల చేరి బూజు పడుతుంది. పరుపుతో పాటు వచ్చే గాలి సంచితోనే నింపు. రాత్రి చలికి గాలి కుంచించుకుపోయి పరుపు మెత్తబడితే, చిల్లి పడిందని టెన్షన్ పడకు, పడుకునే ముందు ఇంకొంచెం నింపుకో. అతికించే ప్యాచ్‌లు మాత్రం బ్యాగులో ఉండాలి.

మీ అమ్మ నేను నేసిన షత్రంజి పంపుదామని మడిచి పెట్టింది. రెండు కిలోలకు పైనే ఉంటుంది, మోయలేవు. నూలు తడి పీల్చుకుంటే ఆరదు కూడా. అది ఇంట్లోనే ఉండనీ, వచ్చాక దాని మీద పడుకుందువు.

రెండోదే తెప్పించుకో, తక్కువపడే డబ్బు నేను పంపుతాను. పరుపు రాగానే ఒక రాత్రి డాబా మీద వేసుకుని పడుకో. తెల్లారి ఫోన్ చేసి నడుము ఎట్లా ఉందో చెప్పు.

మీ బాపు