ఎవరికీ చెప్పొద్దన్నావు కదా

చిన్నా,

ఇది ఫోన్‌లోనే చెప్పొచ్చు. కానీ ఫోన్‌లో అయితే నువ్వు "ఆఁ నాన్నా, సరే నాన్నా" అని రెండు ముక్కల్లో తేల్చేస్తావు, నేను మధ్యలో గొంతు పెంచేస్తాను. అందుకని రాస్తున్నా. తీరిక ఉన్నప్పుడు చదువు.

మొన్న వచ్చినప్పుడు ఫోన్ మాట్లాడి వస్తానని మేడ మీదికి వెళ్ళావు. ఆరేసిన బట్టలు తీద్దామని నేనూ ఎక్కాను. నన్ను చూడగానే నీ కుడిచెయ్యి వెనక్కి పోయింది. భుజం వెనక నుంచి సన్నగా పొగ లేస్తుంటే, నువ్వేమో ఈసారి ఎండలు ఎక్కువగా ఉన్నాయని మాట్లాడుతున్నావు. 26 ఏళ్ళు అదే చెయ్యి అలాగే వెనక్కి పెట్టినవాణ్ణి, నాకు తెలియదట్రా? నవ్వొచ్చింది. తిడదామని కూడా అనిపించింది కానీ గురివింద గింజ సామెత గుర్తొచ్చి నోరు మూసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని దిగిపోయాను. మర్నాడు బయల్దేరేటప్పుడు నువ్వే అన్నావు: "నాన్నా, మానేద్దామనుకుంటున్నా. ఎవరికీ చెప్పకు."

నీ మాట నిలబెట్టాను. అమ్మకి కూడా చెప్పలేదు. కానీ మానేస్తానన్న మాట కన్నా, ఆ వెనక వచ్చిన మాటే పది రోజులుగా నా బుర్రలో తిరుగుతోంది.

ఎందుకంటే నేను నాలుగుసార్లు ఎవరికీ చెప్పకుండానే మానేశాను. నాలుగుసార్లూ ఎవరికీ తెలియకుండానే మళ్ళీ మొదలుపెట్టాను. అప్పట్లో గుట్టుగా ఉండటం పౌరుషం అనుకునేవాణ్ణి. అసలు సంగతి వేరు. చెప్పకపోతే ఓడిపోయినా ఎవరూ అడగరు కదా! పెట్టె పారేసిన రోజే వెనక్కి వచ్చే దారి కూడా చూసి పెట్టుకున్నానన్నమాట.

వాటిలో ఒకసారి నీకూ సంబంధం ఉంది. నువ్వప్పుడు ఏడో తరగతి. కొత్త జామెట్రీ బాక్స్‌లో వృత్తలేఖిని పోగొట్టుకుని వచ్చావు. నేను నీ పుస్తకాల సంచి గోడకేసి కొట్టాను. నువ్వు మంచం పక్కన కూర్చుని చిరిగిన అట్టలకి జిగురు రాసుకుంటున్నావు, ఏడవను కూడా లేదు. అది నేను సిగరెట్ మానేసిన మూడో రోజు. నికోటిన్ ఒంట్లోంచి దిగిపోతున్నప్పుడు మొదటి మూడు రోజులూ మహా కష్టం. చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం. ఇంట్లో ఒక్కరికి తెలిసినా "ఇవాళ మీ నాన్న జోలికి వెళ్ళకు" అని నీకు చెప్పి ఉండేవారు. ఆ సాయంత్రమే బయటికి వెళ్ళి ఒకటి వెలిగించాను. ఇంటికొచ్చి నిన్ను దగ్గరికి తీసుకున్నాను. సిగరెట్ తాగితే మంచివాణ్ణవుతాను అని నా మనసుకి నేనే సాక్ష్యం చెప్పుకున్నట్టయింది. నీకు ఇన్నేళ్ళుగా కారణం తెలియదు. ఇప్పుడు చెబుతున్నా. నీ తప్పేం లేదురా అందులో.

"తాగితే టెన్షన్ తగ్గుతుంది నాన్నా" అంటావేమో. తగ్గుతుంది, కాదనను. పొగ పీల్చిన 10, 20 సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరుతుంది. రెండు గంటలు గడిచేసరికి రక్తంలో సగానికి సగం తగ్గిపోతుంది. అప్పుడు మళ్ళీ లాగుతుంది. అంటే పొద్దున తాగినది పెట్టిన గుబులుని మధ్యాహ్నం తాగేది తీరుస్తుంది, మధ్యాహ్నం తాగినది సాయంత్రానికి మళ్ళీ అప్పు పెడుతుంది. ఆఫీసు టెన్షన్ ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఐదోసారి సంగతి నీకు సగమే తెలుసు. దగ్గు తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. మానాలనుకునేవాళ్ళు వారానికోసారి కూర్చుంటున్నారు, మీరూ రండి అన్నారు. ఉపన్యాసం ఉంటుందనుకుని వెనక కుర్చీ చూసుకుని కూర్చున్నాను. ఏడుగురం. మొదటి ప్రశ్నే "లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారు?" అని. పళ్ళు తోముకోకముందే అన్నాను సిగ్గుపడుతూ. నా పక్కన లారీ నడిపే ఆయన "నేను అర్ధరాత్రి దానికోసమే లేస్తాను" అన్నాడు. బ్యాంకులో పనిచేసే ఆవిడ పిల్లలకి తెలియకూడదని స్నానాల గదిలో కుళాయి తిప్పి తాగేదట. గది గదంతా నవ్వు. అంతకాలం ఆ పిచ్చి నా ఒక్కడిదే అనుకున్నా. ఆ నవ్వుతో సగం బరువు దిగింది.

ఆ ప్రశ్న ఊరికే అడిగింది కాదు. లేచిన 30 నిమిషాల లోపే వెలిగించే అలవాటుంటే నికోటిన్ పట్టు గట్టిగా ఉన్నట్టు. అలాంటివాళ్ళకి 4 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్, మిగతావాళ్ళకి 2 మిల్లీగ్రాములది. నాకు 4 రాశారు. నేనేమో దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా పరపరా నమిలేశాను. ఒకటే ఎక్కిళ్ళు, గొంతు మంట. ఇది నాకు పడదు అని మానేయబోతుంటే బ్యాంకు ఆవిడ, ముందు వారం తానూ అదే చేసి ఉంది కాబట్టి, పద్ధతి చెప్పింది. నోట్లో చురుక్కుమనే దాకా మెల్లగా నమలాలి. ఆ వెంటనే బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి ఊరుకోవాలి. చురుకు తగ్గాక మళ్ళీ కాస్త నమలాలి. ఇలా అరగంట. ముందు పావుగంట కాఫీ తాగకూడదు, తాగితే మందు సరిగా ఒంటికి పట్టదు. డాక్టరూ ఇదే చెప్పి ఉంటారు, చీటీ మీద కూడా రాసే ఉంటుంది. కానీ ఎక్కిళ్ళు పడ్డ మనిషి చెబితేనే నాకు ఎక్కింది.

కాఫీ అంటే గుర్తొచ్చింది. మానేసిన వారంలో నాకు గుండె దడ, చేతులు వణకడం. ఇదీ సిగరెట్ మహిమే అనుకున్నా. మా గుంపులో రిటైరైన లెక్కల మాస్టారొకాయన ఉన్నారు, ఆయనే "కాఫీ ఎన్నిసార్లు?" అని అడిగారు. పొగలో ఉండే రసాయనాల వల్ల కాలేయం కెఫీన్‌ని తొందర తొందరగా బయటికి పంపేస్తుందట. పొగ ఆగిపోతే ఆ తొందర పోతుంది, పాత లెక్కలోనే తాగిన కాఫీ ఒంట్లో దాదాపు రెట్టింపు నిలుస్తుంది. సగానికి తగ్గించాను, దడ పోయింది. నీకు కాఫీ పిచ్చి నాకన్నా ఎక్కువ, అందుకే రాస్తున్నా.

మూడో వారానికి నలుగురం మిగిలాం. ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. నియమం ఒక్కటే. నాలుక లాగినప్పుడు "వచ్చింది" అని పెట్టాలి. చూసినవాళ్ళు ఏదైనా రాయాలి, సలహా మాత్రం రాయకూడదు. మాస్టారెప్పుడూ "పోతుంది" అని ఒక్క ముక్క రాసేవారు. నిజంగానే పోతుంది. ఆ ఊపు మూడు నిమిషాలో ఐదు నిమిషాలో ఉంటుంది, అంతే. కానీ ఒక్కడివే ఉంటే ఆ ఐదు నిమిషాలు గోడ గడియారంలో సెకన్ల ముల్లు కూడా నడవదురా. ఒకరాత్రి రెండింటికి నేను "వచ్చింది" అని పెడితే, ఏదో రోడ్డు పక్కన బండి ఆపుకున్న లారీ ఆయన దగ్గర్నుంచి కుక్క ఫొటో వచ్చింది. బండి టైరు పక్కన నిద్రపోతున్న కుక్క. దానికీ సిగరెట్‌కీ ఏం సంబంధం? ఏమీ లేదు. ఆ కుక్క చెవి ఒకటి మడతపడి ఉంటే అది చూస్తూ కూర్చున్నాను, గండం గడిచింది.

ఇంకోసారి చెప్పులేసుకుని గుమ్మం దాటేశాను, కొనుక్కుందామనే. జేబులో ఫోన్ మోగింది. బ్యాంకు ఆవిడ, "వచ్చింది". గేటు దగ్గరే నిలబడి ఆవిడకి ఏదో ఒకటి రాస్తూ పోయాను. ఏం రాశానో గుర్తులేదు. ఆవిడ "తగ్గింది, థాంక్సండీ" అన్నాక చూసుకుంటే నా కాళ్ళకి చెప్పులున్నాయి గానీ, ఎక్కడికి బయల్దేరానో ఆ అవసరం లేదు. ఆవిడకి ఆ సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు.

అన్నీ ఇలా బాగానే జరిగాయని రాస్తే అబద్ధం. 41వ రోజు ఆఫీసులో ఒకరి వీడ్కోలు పార్టీలో ఒకటి తాగాను. "ఒక్కటే కదా" అన్న మాట ఎవరిదో కాదు, నాదే. ఇంటికొచ్చి మూడుసార్లు నోరు కడుక్కున్నాను. రెండు రోజులు గ్రూపులో మాట్లాడలేదు, దొంగకు తేలు కుట్టినట్టు. మాస్టారు ఫోన్ చేశారు. "ఒకటేనా, రెండోది కూడా అయిందా?" అన్నారు, ఉపోద్ఘాతం లేకుండా. ఒకటే అన్నాను. "అయితే 41 రోజులూ ఎక్కడికీ పోలేదు" అన్నారు. కాసేపు ఆగి, "నాది పోయిన వారం అయింది. నేనూ చెప్పలేదు" అన్నారు! ఇద్దరం ఒకరి దగ్గర ఒకరం దాక్కున్నాం చూశావా. లారీ ఆయన మధ్యలో పూర్తిగా వెనక్కి వెళ్ళిపోయి మూడు నెలల తర్వాత తిరిగొచ్చాడు. ఎందుకు పోయావని ఎవరం అడగలేదు. ఆ రాత్రి "వచ్చింది" అని పెట్టాడు, మాస్టారు "పోతుంది" అన్నారు.

ఏ సాయం లేకుండా ఒంటరిగా మానేసేవాళ్ళలో ఆర్నెల్లో ఏడాదో నిలిచేవాళ్ళు నూటికి ముగ్గురి నుంచి ఐదుగురట. ఇది విన్నాక నా నాలుగు ఓటముల మీద నాకు కోపం పోయింది. 2008లో క్రిస్టాకిస్, ఫౌలర్ అని ఇద్దరు పరిశోధకులు అమెరికాలో 12,067 మంది వివరాలు, 1971 నుంచి 2003 దాకావి, ఎవరికి ఎవరు స్నేహితులో, ఎవరు చుట్టాలో గీతలు గీసి చూశారు. జనం ఒక్కొక్కరుగా కన్నా గుంపులు గుంపులుగా మానేస్తున్నారని తేలింది. భార్యాభర్తల్లో ఒకరు మానితే రెండోవారు తాగే అవకాశం 67 శాతం తగ్గింది. స్నేహితుడు మానితే 36 శాతం. నీతోపాటు కిందికి దిగి దమ్ము కొట్టేవాళ్ళు ఇద్దరున్నారన్నావు కదా. ముందు వాళ్ళని అడుగు. నవ్వుతారు. వాళ్ళలో ఒకడు మర్నాడు విడిగా వచ్చి "నిజంగానే అన్నావా?" అంటాడు చూడు. వాళ్ళు కాదంటే మా గ్రూపులోకి రా. ఎవరో కుర్రాడు వస్తాడేమో అని మాస్టారుతో అన్నాను. "మీవాడేనా?" అని అడగలేదు. పెద్దమనిషి.

ఇంకో లెక్క కూడా ఆయన చెప్పిందే. బ్రిటన్‌లో 1951 నుంచి 50 ఏళ్ళు డాక్టర్లనే గమనించి, 2004లో తేల్చారట. 60 ఏళ్ళకి మానితే మూడేళ్ళు, 50కి మానితే ఆరేళ్ళు, 40కి తొమ్మిదేళ్ళు, 30కి మానితే పదేళ్ళు ఆయుష్షు కలిసొస్తుంది. ఆ పరిశోధన మొదలుపెట్టిన రిచర్డ్ డాల్ కూడా మొదట్లో సిగరెట్లు తాగినవాడేనట, తన లెక్కలు తానే చూసి మానేశాడు. నేను 54కి మానాను. నీకు 29. ఇంతకన్నా విడమరిచి చెప్పను.

నేను నీకు కాపలా కాయను. వాసన చూడను, రోజూ ఫోన్ చేసి "ఎలా ఉంది?" అననూ అనను. నువ్వే రాస్తే, ఎంత రాత్రయినా జవాబిస్తాను.

అన్నట్టు, నేను మానేసిన కొత్తలో ఒకటి జరిగింది. చెయ్యి అలవాటుగా ఎడమ జేబులోకి పోయేది. లోపల ఏమీ ఉండదు, మూల కుట్లలో మిగిలిన పొగాకు పొడి వేళ్ళకి అంటుకునేది. అది చాలు నాలుక లాగడానికి. ఒక పొద్దున్న చొక్కా వేసుకుంటే చెయ్యి లోపలికి వెళ్ళలేదు. చూస్తే అన్ని చొక్కాలకీ ఎడమ జేబులు కుట్టేసి ఉన్నాయి. మీ అమ్మ ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

నువ్వు నీలం చొక్కా ఇక్కడే మర్చిపోయావు. నిన్న ఉతికి ఇస్త్రీ చేసింది. ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నా. జేబు చూసుకో. నేను చెప్పలేదు, ఒట్టు.

నాన్న