చేతిలో స్టాప్‌వాచ్, ఎదురుగా ఏడేళ్ల పిల్ల

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ విశాఖ పేజీలో పడిన ఫొటో ఇంకా నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. రెండో తరగతి పిల్ల పుస్తకం పట్టుకుని నిలబడి ఉంటే, తనిఖీకి వచ్చిన అధికారి సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి ఆమె ముఖం మీదికి వంగి ఉన్నారు. పఠన సామర్థ్యాన్ని పరిశీలిస్తున్నారని కింద రాశారు. పరిశీలించవలసింది వణుకుతున్న ఆ పిల్ల కింది పెదవిని అని అధికారికి గానీ, మీ విలేకరికి గానీ తోచినట్టు లేదు. ముప్పై ఏళ్లకు పైగా ఒకటి, రెండు తరగతులకు పాఠం చెప్పినవాణ్ణి గనుక చెబుతున్నాను, ఆ పెదవి వెనక మరో అర నిమిషంలో ఏడుపు ఉంది.

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు వచ్చేలా చేయాలని కేంద్రం 2021 జూలైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం లక్ష్యంతో నాకు పేచీ లేదు. 2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి పిల్లా నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలన్నారు, బాగుంది. కానీ ‘అర్థం చేసుకుంటూ’ అన్న మాట ఢిల్లీ నుంచి బడికి వచ్చే దారిలో ఎక్కడో జారిపోయి, 60 మాత్రం భద్రంగా చేరింది. పైగా పదాల లెక్క అన్ని భాషలకూ ఒకటి కాదు. హిందీ, ఇంగ్లీషు లాంటి భాషల్లో కనీసం మూడు నాలుగు మాటలయ్యేది మనకు ‘వెళ్లొచ్చేటప్పటికి’ అని ఒక్కటే మాట కదా! 2022లో కేంద్ర విద్యా పరిశోధన సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ 20 భాషల్లో పిల్లలను పరీక్షించి ఏ భాష కొలత ఆ భాషకు వేసింది కూడా. స్టాప్‌వాచ్ నొక్కేవారికి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

మా మనవరాలూ రెండో తరగతే. మొన్న ‘ఇంద్రధనుస్సు’ దగ్గర ఆగిపోయింది. ‘ఇం... ద... ఇంద...’ అని మూడుసార్లు కూడబలుక్కుని, నాలుగోసారి పుస్తకం అంచును గోటితో గీరి, పెన్సిలును మంచం కిందికి విసిరి, ‘నాకు రాదు తాతా, నేను మొద్దుని’ అంది. ఆ చివరి మాట ఇంట్లో ఎవరూ అనలేదు, బడి నుంచే తెచ్చుకుంది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించిందని పంతుళ్లకు గుర్తుచేయవలసి రావడం నాకు సిగ్గుగా ఉంది.

పిల్ల అలా పెన్సిలు విసరడాన్ని మనవాళ్లు మొండితనం అంటారు. ఇది ఉక్రోషం. ఒత్తులున్న మాటను కూడబలుక్కునే పిల్ల మొదటి అక్షరాన్ని మనసులో నిలుపుకుంటూ చివరి ఒత్తు దాకా నడవాలి, ఉక్రోషం వచ్చినప్పుడు సరిగ్గా ఆ నిలుపుకునే శక్తే సన్నగిల్లుతుంది. ‘స్సు’ దగ్గరికి చేరేసరికి ‘ఇం’ ఎగిరిపోతుంది. అప్పుడు ‘మళ్లీ చదువు, సరిగ్గా చూడు’ అని గద్దించడం కంటే దండగమారి పని లేదు. నేను పుస్తకం మూయించి, అట్టల మధ్య ఆమె వేలు అలాగే ఉంచమని, వేడిపాలు ఊదినట్టు మెల్లగా ఊదమన్నాను. పీల్చినదానికంటే వదిలే ఊపిరి పొడుగ్గా ఉంటే గుండె దడ తగ్గుతుంది. ఐదారుసార్లు ఊదాక ‘కోపం వచ్చిందా?’ అని అడిగితే ‘ఊఁ’ అంది. కోపానికి ఒక పేరు దొరికితే పిల్లకు సగం ఊరట. తరువాత ఆ వాక్యం నేను చదివాను, ఇద్దరం కలిసి చదివాం, ఆపైన తనే చదువుకుంది. ఇంతకీ ముందు చల్లబడవలసింది నేనే, తాత గొంతు పెరిగితే పిల్ల ఊపిరి నెమ్మదించదు.

దీనికి నిధులు అక్కర్లేదు, టెండర్లు అంతకన్నా అక్కర్లేదు. బహుశా అందుకే ఎవరికీ పట్టలేదు. నేను వెళ్లి అడిగితే మా పేటలోని బడి టీచరమ్మ పాపం నిజమే చెప్పారు: రెండు తరగతులు ఒకే గదిలో, హాజరు యాప్‌లో, భోజనం ఫొటో యాప్‌లో, ఇక ఏడ్చే పిల్ల దగ్గర కూర్చునే తీరిక ఎక్కడిదని. ఇన్ని శిక్షణ తరగతులకు వెళ్లినా పిల్లల ఉక్రోషం గురించి ఒక్క గంట కూడా ఎవరూ చెప్పలేదట. పోనీ, బడి బయట తేలిక పుస్తకాలేవైనా దొరుకుతాయా అంటే, ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఏటా కట్టించుకుంటున్నా, మా పేట గ్రంథాలయంలో పిల్లల అరలో ఉన్నవి పోటీ పరీక్షల గైడ్లు! బీచ్ రోడ్డులో బొమ్మలకు మాత్రం రంగులు వేస్తూనే ఉన్నారు.

తనిఖీ అధికారులకు నాదొక విన్నపం. ఈసారి బడికి వెళ్లినప్పుడు ఫోను జేబులోనే ఉంచి, పిల్లలతో సమానంగా నేల మీద కూర్చుని, వాళ్లు తడబడిన చోట టీచరు ఏం చేశారో రాసుకురండి. స్టాప్‌వాచ్ తప్పదంటారా, అయితే ముందు మీ శాఖ ఉత్తర్వు ఒకటి తీసి, పదిమంది కొత్తవాళ్ల ఎదుట నిమిషానికి 60 పదాల చొప్పున, అర్థం చేసుకుంటూ చదివి వినిపించండి. ఫోను నేను పట్టుకుంటాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మర్రిపాలెం, విశాఖపట్నం